బోల్టు తల మీద పసుపు

"కళ్లద్దాలుంటే పెట్టుకొని చూడుండ్రి స్వరూప గారూ. బొట్టు చెరిగిందా?"

సి.ఐ. వంశీధర్‌రావు ఒక ప్లాస్టిక్ కవరును నా ముక్కుకు తగిలేంత దగ్గరికి తెచ్చాడు. నాకు కళ్లద్దాలు ఇంకా రాలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. మంథని కేసులో ఆయన ఆత్మహత్య అని రాసిన దాన్ని నేను హత్య అని తేల్చినప్పటి నుంచి, ఏదో ఒక పుల్ల వెయ్యకుండా ఈ పెద్దమనిషి నన్ను పలకరించడు. ప్రైవేటు డిటెక్టివ్ అంటేనే ఆయనకు పడదు. ఆ డిటెక్టివ్ ఆడది అయితే అసలు పడదు.

కవరులో బొటనవేలంత బోల్టు ఉంది. తల మీది గుంటలో పసుపు, పసుపు మీద కుంకుమ. ఎండి అట్టకట్టింది గానీ ఎక్కడా గీత పడలేదు.

"చెరగలే," అన్నాను.

"అయిపాయె. ఇంక మీరు కరీంనగర్ బస్సెక్కుండ్రి."

నేను కదల్లేదు. స్టేషన్ వెనక దొడ్డిలో, పట్టుబడ్డ బండ్ల వరుస చివర, బుచ్చిరాములు మోటార్‌సైకిల్ గోడకు ఆనించి ఉంది. బుచ్చిరాములు బొగ్గుబాయిలో ఫిట్టరు. దసరా తెల్లవారి, మొదటి షిఫ్టుకు పోతూ, రైలు వంతెన కింది దిగుడులో బ్రేకు తొక్కాడు. వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. బండి కుడిపక్కకు పడింది. వెనక బొగ్గు టిప్పర్ వస్తోంది. అంతకన్నా చెప్పడానికేం లేదు.

చక్రం ఎందుకు బిగుసుకుందో ఆ బోల్టే చెబుతోంది. పాత బండ్లలో వెనక బ్రేకు డ్రమ్ముకు ఒక మూత ప్లేటు ఉంటుంది. బ్రేకు తొక్కితే ఆ ప్లేటు కూడా చక్రంతో పాటు తిరగబోతుంది. తిరగకుండా దాన్ని బండికి కట్టి ఉంచేది జానెడు ఇనుప పట్టీ. పట్టీకి ఈ బోల్టు, బోల్టుకు నట్టు, నట్టు ఊడకుండా ఒక సన్నటి పిన్ను. నట్టు తీసేసినా బోల్టు కాసేపు రంధ్రంలోనే కూర్చుంటుంది. గుంతల్లో ఎగిరెగిరి ఎక్కడో జారిపోతుంది. ఆ తర్వాత గట్టిగా బ్రేకు తొక్కితే ప్లేటు గిర్రున తిరిగి బ్రేకు కడ్డీని చుట్టేసుకుంటుంది. బుచ్చిరాములు బండికి అదే జరిగింది. బోల్టు దిగుడుకు పైన, రోడ్డు పక్క దుమ్ములో దొరికింది. నట్టు, పిన్ను ఎక్కడా దొరకలేదు.

"మల్ల ఒకసారి చెప్పుండ్రి సార్," అన్నాను.

"ఎన్నిసార్లైనా చెప్త." ఆయన వేళ్లు మడుస్తూ మొదలుపెట్టాడు. "దసరా నాడు పొద్దున కొడుకు ఇంట్లనే బండి సర్వీసు చేసిండు. చైను లూజుండె, టైట్ చేసిండు. చైను టైట్ చెయ్యాలంటే చక్రం వెనక్కి జరపాలె. జరపాలంటే గీ పట్టీ నట్టు వదులు చెయ్యాలె. చేసిండు. మల్ల బిగించుడు మరిచిండు. అటెన్క పండుగ గదా, ఇంట్లోళ్లు బండికి పూజ చేసిండ్రు. గీ బోల్టుకు గూడ బొట్టు పెట్టిండ్రు. పూజ అయినంక ఇంకెవడో వచ్చి నట్టు విప్పిండు అంటే, బోల్టు తలను ఇంకో పానాతోని పట్టుకోక తప్పదు. పడితే బొట్టు చెరుగుతది. చెరగలే. అంటే పూజకు ముందుగాల్నే నట్టు లేదు. ఇంట్ల పనిజేసుకున్న పోరడు మరిచిండు, తండ్రి సచ్చిండు. ఇంకేమన్నా ఉన్నదా?"

చెప్పొద్దూ, లెక్క బాగుంది. బాగుందనే నాకు ఒళ్లు మండింది.

ఎందుకంటే ఆ లెక్కకు మూల్యం చెల్లించేవాడు వరండాలో బెంచీ మీద కూర్చొని ఉన్నాడు. పేరు సన్నీ. డిప్లొమా చదువుతున్నాడు. తండ్రి చితి ఆరకముందే, నిన్న పొద్దున, రైలు పట్టాల మీద నడుస్తూ దొరికాడు. గ్యాంగ్‌మెన్లు రెక్క పట్టి లాక్కొచ్చారు. వాడి అక్క వినోద నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "బాపు పోయిండక్కా. తమ్ముడు నేనే సంపిన అంటుండు. పోలీసోళ్లు రాసిన కాయితం మీద సంతకం పెట్టిండంటే ఇంక వాడు బతకడు. ఏదన్న చెయ్యక్కా," అంది. అందుకే వచ్చాను. నిజం తేల్చడం తర్వాత సంగతి, ముందు ఈ పిల్లవాడు బతకాలి.

నేను వరండాలోకి పోయి వాడి ముందు కూర్చున్నాను. పక్కన వాడి బావ గోపాల్, వినోద భర్త, ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకొని ఇంకో చెయ్యి వాడి భుజం మీద వేసి ఉన్నాడు. ఖానాపూర్‌లో మోటార్‌సైకిల్ సామాన్ల దుకాణం నడుపుతాడు. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన గొంతు. మూడు రోజులుగా ఆ ఇంటి పనులన్నీ ఆయనే మీదేసుకుని చేస్తున్నాడట.

"సన్నీ, దసరా నాడు బండికి ఏమేం చేసినవో వరుసగ చెప్పు. తొందర లేదు," అన్నాను.

వాడు నేల మీదే చూపు పెట్టి చెప్పాడు. "చైను డీజిల్‌తోని కడిగిన. పాత బ్రష్షుతోని రుద్దిన. తుడిసి ఆయిలేసిన. మస్తు లూజుండె, టైట్ చేసిన. చక్రం వంకర పోకుంట రెండు దిక్కుల గీతలు సమానం చూసిన. చక్రం ఎనక్కి జరిగినంక బ్రేకు పట్టుకుంటుండె. కడ్డీ నట్టు జర వదులు చేసిన."

"పట్టీ నట్టు?"

వాడి వేళ్లు ఒకదాన్నొకటి పిసుక్కున్నాయి.

"యాదికొస్తలేదక్కా. అన్ని యాదికున్నయి, గదొక్కటే లేదు. కండ్లు మూసుకుంటే పానా చేతిల కనబడ్తది. బిగించినట్టు కనబడ్తలేదు. విప్పినట్టే కనబడ్తది." తల మోకాళ్ల మీద వాల్చాడు. "నేనే సంపినక్కా మా బాపును."

"మేడం, ఇడిసిపెట్టుండ్రి," అన్నాడు గోపాల్ మెత్తగా. "పోరడు. తప్పయింది, ఒప్పుకుంటుండు. ఊకె ఊకె అడిగి ఏడిపిస్తే ఏమొస్తది?"

"నేను నిన్ను అడిగిన్నా?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు గానీ ముఖంలో కోపం కనబడనివ్వలేదు.

"పని చేసేటప్పుడు ఇంకెవలతోనన్న మాట్లాడినవా?" అని సన్నీని అడిగాను.

"బావకు ఫోన్ చేసిన. చైను ఎంత ఆడాలె అని అడిగిన. ఇదంత నాకు నేర్పిందే బావ."

"నడుమ వేలు పెట్టి నూకితే అంగుళం ఆడాలె అని చెప్పిన," అన్నాడు గోపాల్. "పట్టీ సంగతి గూడ చెప్పాల్సి ఉండె. వానికి ఎరికే అనుకున్న. నాది గూడ తప్పే మేడం."

బాగా మాట్లాడతాడు. నాకు మరీ బాగా మాట్లాడేవాళ్లంటే మొదటి నుంచీ పడదు. అయితే అది సాక్ష్యం కాదు కదా. లేచి బండి దగ్గరికి పోయాను.

వెనక చక్రం ఇరుసు నట్టు మీద కూడా పసుపు కుంకుమ చెక్కుచెదరకుండా ఉన్నాయి. బోల్టు కూర్చునే రంధ్రం చుట్టూ పసుపు మరక. మోకాళ్ల మీద కూర్చొని బండి చుట్టూ తిరిగాను. ట్యాంకు మీద బొట్టు లేదు. హ్యాండిలు మీద లేదు. స్పీడు మీటరు మీద లేదు. హెడ్‌లైటు అద్దం పగల్లేదు. తుడిచినట్టు మెరుస్తోంది, అంచు సందులో మాత్రం పసుపు సన్నగా ఇరుక్కుని ఉంది.

"సార్, బండికి పూజ చేసినోళ్లు కిందున్న వెనక నట్టుకు బొట్టు పెట్టి, ముందున్న హెడ్‌లైటుకు పెట్టరా?"

"పెట్టిండ్రు. బండి పడ్డది, రోడ్డు మీద జారింది. చెరిగింది."

"బండి కుడిపక్కకు పడ్డది. ఎడమ హ్యాండిలు మీద గూడ లేదు."

"అబ్బ! స్వరూప గారూ, మీరు గిట్లనే ఈకలు పీక్కుంట కూసోండ్రి. మంథనిల ఒకసారి కలిసొచ్చింది, ఊకె రాదు." ఆయన కవరును జేబులో పెట్టుకున్నాడు. "మధ్యాహ్నం దాక టైమిస్త. ఇయ్యాల మూడొద్దులట. పోరడు ఏటికి పోయి తండ్రి ఎముకలు కలిపి వచ్చినంక సంతకం పెడ్తడు. అటెన్క మీరు నా కాడికి రావద్దు."

నన్ను పుట్టింటికి తీసుకుపోవడానికి వినోద గేటు దగ్గర ఆటో పిలిచింది. మేము పోతుంటే గోపాల్ గోడ పక్క తన బండి ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చొని, పాతగుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. కొత్త బండి, ముందు డిస్కు బ్రేకు.

"సన్నీ ఏటికి పోవాలె గదా మేడం, నా బండి ఇస్త," అన్నాడు అడగకుండానే. "ముందు బ్రేకు జర పట్టుకుంటుండె, సరిచేసిన."

నేను తల ఊపి ఆటో ఎక్కాను. ఆ తల ఊపినందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

కాలనీలో క్వార్టర్లు వరుసగా ఒకే తీరుగా ఉన్నాయి. ప్రతి గుమ్మానికీ పండుగ మామిడాకులు ఎండి వేలాడుతున్నాయి. ప్రతి బండి హ్యాండిలుకూ వాడిపోయిన బంతిపూల దండ ఉంది. బుచ్చిరాములు గుమ్మం మాత్రం బోసిగా ఉంది. చావు జరిగిన ఇల్లు, తీసేసి ఉంటారనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే గుమ్మం మొలలకు దారం పోగు కూడా లేదు. గడపకు పసుపు పూసిన ఆనవాలు లేదు.

ఇంటి పక్కన రేకుల షెడ్డు. బండి నిలబెట్టే చోట నేల మీద నూనె మరక ఉంది. గూట్లో బుచ్చిరాములు పనిముట్ల పెట్టె. తెరిచాను. పానాలు, సుత్తి, పట్టుకారు, అన్నీ గుడ్డతో తుడిచి వరుసగా పేర్చి ఉన్నాయి. ఒక్కదాని మీదా బొట్టు లేదు. ఈ కాలనీలో అందరూ పనిముట్లు పట్టి బతికేవాళ్లు. దసరా నాడు ఫిట్టరు తన పానాకు బొట్టు పెట్టకుండా ఉండడు. అన్నం తినడమైనా మరిచిపోతాడు గానీ అది మరవడు. మరి పానాలకు పెట్టనివాళ్లు బండి చక్రానికి పెట్టారా?

షెడ్డు మూల మొలకు ఒక గుడ్డ వేలాడుతోంది. విప్పి చూస్తే పసుపు, ఎరుపు కలగలిసి మరకలున్నాయి. గుడ్డను చేతిలో పట్టుకొని లోపలికి పోయాను.

బుచ్చిరాములు భార్య రాజక్క గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. మూడు రోజులుగా ఆమెను ఏడుస్తున్నావా, తిన్నావా అని అడిగినవాళ్లే తప్ప ఇంకేమీ అడిగినవాళ్లు లేరు. పోలీసులు అసలే అడగలేదు. నేను పక్కన కూర్చొని చెయ్యి పట్టుకున్నాను.

"అక్కా, ఒక్కటే మాట అడుగుత. దసరా నాడు బండికి పూజ ఎవలు చేసిండ్రు?"

ఆమె నన్ను అర్థం కానట్టు చూసింది.

"ఏం పూజ చెల్లె? మాకు మైల గదా."

"ఏం మైల?"

"మంథనిల మా చిన్నత్త లింగవ్వ, పండుగకు ముందుగాల సచ్చిపోయింది. పాలోళ్లం, పట్టింపు ఉంటది గదా. దేవుని అర్రల దీపం గూడ పెట్టలే. తోరణం కట్టలే. ఆయన జమ్మికి పోలే. కాలనీ అందరికెరుకే, మా గడపెవలు తొక్కలే. అందుకే పోరడు పొద్దుపోక బండి ముందలేసుకొని కూసున్నడు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పండుగుంటే వాడు బండి ముట్టుకోకపోతుండె. జమ్మి కాడికి దోస్తులతోని పోతుండె."

వినోద గుమ్మంలో నిలబడి వింటోంది. "అవ్వ నాకు ఫోన్ల చెప్పిందక్కా," అంది. "నేను పెండ్లయి పోయినదాన్ని, నాకు మైల లేకపాయె. స్నానం చేసి ఖానాపూర్ల పండుగ చేసుకున్న."

నేను గుడ్డ విప్పి రాజక్క ముందు పెట్టాను. "మరి ఇదేందక్కా?"

ఆమె ఆ గుడ్డను చూసిందో లేదో, శోకం పెట్టింది. గుండెలు బాదుకుంటూ, మాట మధ్యలో తెగుతూ చెప్పింది.

"ఆయన తుడిసిండు చెల్లె. ఆ పొద్దున డ్యూటీకి పోంగ బయటికెళ్లి మొత్తుకున్నడు. 'ఏమే, మైలింట్ల బండికి బొట్టెవలు పెట్టిండ్రే? లైటుకు స్వస్తిక్కు గూడ గీసిండ్రు సూడు' అన్నడు. నేను పొయ్యి కాడుంటి. లేసి చూడకపోతి. ఎవలన్న పోరగాండ్లు పెట్టిండ్రేమో, తుడిసెయ్యి అన్న. తుడిసిండు. పోయిండు. గదే ఆఖరు మాట. తుడిసెయ్యి అన్న, గంతే."

బుచ్చిరాములు కంటికి కనబడినవి తుడిచాడు. హెడ్‌లైటు, హ్యాండిలు, ట్యాంకు. కిందున్న చక్రం నట్టు, పట్టీ బోల్టు మసక వెలుతురులో ఆయనకు కనబడలేదు. షిఫ్టుకు ఆలస్యమవుతుందని వంగి చూసి ఉండడు. వంగి ఉంటే బతికేవాడు.

వంశీధర్‌రావు లెక్క నా కళ్ల ముందే తలకిందులైంది. బొట్టు చెరగలేదు కాబట్టి ఇంటివాళ్ల తర్వాత ఎవరూ ముట్టలేదని ఆయన అన్నాడు. ఇంటివాళ్లు ఆ బొట్టు పెట్టనే లేదు. బయటి నుంచి ఎవడో రాత్రి వచ్చాడు, నట్టు విప్పాడు, పానా పడిన చోట మెరిసే గీతలు కనబడకుండా పసుపు కుంకుమ పెట్టాడు. తెల్లారి అన్ని బండ్లకూ బొట్టు ఉంటుంది, ఈ ఒక్కదానికి లేకపోతే అనుమానం వస్తుందని బండంతా పెట్టాడు. మైల సంగతి కాలనీలో అందరికీ తెలుసు. కాబట్టి వచ్చినవాడు కాలనీవాడు కాదు, పాలివాడు కాదు. అయినా సన్నీ ఆ రోజు బండి విప్పాడని వాడికి తెలుసు. దసరా నాడు బండి విప్పి కడిగాడంటే పూజకేనని అనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

నేను వినోద వైపు తిరిగాను. అడగడానికి నాకు మనసు రాలేదు. అడగక తప్పలేదు.

"మైల సంగతి మీ ఆయనకు చెప్పినవా?"

"లే. మేం మాట్లాడుకుంటనే లేం. ఆయన…" ఆమె ఆగిపోయింది.

"దేనికి మాట్లాడుకుంటలేరు?"

"బాపును అన్‌ఫిట్ అని రాయించుకొమ్మని, బాయి ఉద్యోగం తనకు ఇప్పియ్యమని ఒకటే పోరు. బాయిల పనిజేసేటోళ్లు అన్‌ఫిటయినా, సచ్చినా ఇంట్ల ఒకరికి ఆ ఉద్యోగం ఇస్తరు గదా. నేను మా తమ్మునిది నీకెట్ల ఇప్పిస్త అన్న. అప్పటి సంది మాటల్లేవు." ఆమె కొంగు కొసను వేలికి చుట్టుకుంది. "పండుగ నాడు పొద్దున దుకాణంల పూజ చేసి, రాత్రి దోస్తుల కాడికి పోతున్న అని ఎవలికో ఫోన్ల చెప్పుకుంట పోయిండు. తెల్లారి బాపు సంగతి ఫోన్ వచ్చినప్పుడు అప్పుడే ఇంట్లకొచ్చి కాళ్లు కడుక్కుంటుండె."

చెప్పడం అయ్యాక ఆమెకు తను ఏం చెప్పిందో అర్థమైంది. గుమ్మం పట్టుకొని కిందికి జారిపోయింది. రాజక్క కూతుర్ని చూసింది, నన్ను చూసింది. ఆమె ఏడుపు ఆగిపోయింది. ఆ ఏడుపు ఆగడం నేను భరించలేకపోయాను.

"అక్కా, నాతోని స్టేషన్‌కు రావాలె. నాకు చెప్పిందే అక్కడ చెప్పాలె," అన్నాను.

రాజక్క కూతురి వైపు చూసింది. ఒక మాట నోరు దాటితే కొడుకు బతుకుతాడు, అదే మాటతో కూతురి సంసారం కూలుతుంది. ఏ తల్లికీ రాకూడని చిక్కు. నాకు పగవాళ్లున్నారు, వాళ్లకు కూడా రాకూడదు.

వినోదే ముందు లేచింది. ముఖం కడుక్కుంది. తల్లి చంక కింద చెయ్యి వేసి లేపింది.

"నడువవ్వా. ఉన్నది ఉన్నట్టు చెప్పు. నా మొకం చూడకు," అంది.

స్టేషన్‌లో వంశీధర్‌రావు గదిలో గోపాల్ ఎదురు కుర్చీలో కూర్చొని ఉన్నాడు. టేబుల్ మీద సన్నీ వాంగ్మూలం సిద్ధంగా ఉంది. తల్లీకూతుళ్లను వరండాలోనే, తలుపు పక్కన నిలబెట్టి నేనొక్కదాన్నే లోపలికి పోయాను.

"ఏమాయె, ఈకలు దొరికినయా?" అన్నాడు సి.ఐ.

"ఓడిపోయిన సార్." కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "మీ లెక్కే కరెక్టనిపిస్తుంది. ఒక్కటే అడ్డం పడ్తుంది. బండికి పూజ నిజంగ చేసిండ్రా అని. ముందట ఎక్కడ బొట్టు లేదు. వెనక ఏదో పసుపు అంటుకుంటే మనం పూజ అనుకుంటున్నమేమో. పూజ లేదంటే మీ కేసు నిలబడది."

వంశీధర్‌రావు ముఖం మాడ్చుకున్నాడు. నేను ఆయన్ను చూడలేదు, గోపాల్‌ను చూశాను. కేసు నిలబడదు అన్న మాట దగ్గర ఆయన ముందుకు వంగాడు.

"పూజ ఎందుకు చెయ్యలే మేడం? మంచిగ చేసిండ్రు," అన్నాడు. "అత్తమ్మ ప్రతి యేడు చేస్తది. హెడ్‌లైటుకు స్వస్తిక్కు గీసి, ట్యాంకుకు, హ్యాండిలుకు, చక్రాలకు, అన్నిటికి పెట్టింది."

"స్వస్తిక్ గూడనా? నువ్వు చూసినవా?"

"చూడకేంది? బండి మీద ఉండె గదా."

"ఎప్పుడు చూసినవ్?"

"ఆ… యాక్సిడెంటైనంక. ఈడికి తెచ్చినంక."

వంశీధర్‌రావుకు నాతో పేచీ ఉంది గానీ మనిషి మొద్దు కాదు. కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు, దొడ్డిలోకి పోయాడు. కిటికీలోంచి కనబడుతూనే ఉంది, హెడ్‌లైటు ముందు వంగి కూర్చున్నాడు. తిరిగి వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"నేను ఆ బండిని రోడ్డు మీదనే చూసిన," అన్నాడు గోపాల్‌తో. "హెడ్‌లైటు మీద స్వస్తిక్ లేదు."

"లేదు," అన్నాను. "ఎందుకంటే బుచ్చిరాములు ఇంటికాడనే తుడిసిండు. స్వస్తిక్ చూసినోళ్లు ఇద్దరే. ఒకరు తుడిసినాయన, ఇంకొకరు గీసినోడు. రాజక్కా, లోపలికి రా."

రాజక్క గుమ్మంలోకి వచ్చింది. అల్లుడి ముఖం చూడలేదు. గోడ వైపు చూస్తూ, ఒక్కో మాట కూడబలుక్కుంటూ చెప్పింది.

"మా ఇంట్ల మైల సారూ. మేం ఏ పూజ చెయ్యలే. నేను ఏ బండికి బొట్టు పెట్టలే."

గోపాల్ ముఖంలో రక్తం లేదు. మైల అన్న మాట ఆయన ఇప్పుడే మొదటిసారి విన్నాడని ఆ ముఖమే చెప్పింది. ఇంత పకడ్బందీగా పని చేసినవాడు భార్యతో ఒక్క మాట మాట్లాడి ఉంటే తెలిసిపోయే సంగతి దగ్గర దొరికిపోయాడు. వంశీధర్‌రావు వాడి చొక్కా కాలరు పట్టుకున్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు లోపలికి వచ్చారు. ఆ ఇస్త్రీ చొక్కా నలగడం చూసి నాకు పాపిష్టి సంతోషం కలిగింది.

ఆ సంతోషం ఎంతోసేపు లేదు.

"తమ్ముడేడి?" అంది వినోద, ఖాళీ బెంచీ చూసి.

"ఏటికి పంపిన," అన్నాడు వంశీధర్‌రావు. "చుట్టాలు ఆటోల ముందుగాల పోయిండ్రు. వాడు ఈయన బండి మీద పోయిండు, జరసేపాయె. తండ్రి ఎముకల కుండ గూడ వాని తోనే ఉన్నది. భయపడకుండ్రి, వస్తడు."

ఏటికి పోయే దారి రైలు వంతెన కింది దిగుడు మీదుగానే.

'ముందు బ్రేకు జర పట్టుకుంటుండె, సరిచేసిన.' గోపాల్ పొద్దున అన్న మాట నా చెవిలో మోగింది. వరండా దిగి గోడ పక్కకు పరుగెత్తాను. బండి ముందు చక్రం నిలబడిన చోట సిమెంటు నేల మీద అరచేయంత తడి ఉంది. ఎండ చుర్రుమంటోంది, నీళ్లయితే ఎప్పుడో ఆరిపోయేవి. వేలు పెట్టాను. జిగటగా జారింది. పెట్రోలు వాసన లేదు. అక్కడి నుంచి గేటు దాకా, మూరెడు దూరానికొకటి చొప్పున, చుక్కలు. అది డిస్కు బ్రేకు ఆయిల్. గొట్టం మూతి వదులు చేస్తే బ్రేకు నొక్కినప్పుడల్లా కొంచెం కొంచెం బయటికి కారిపోతుంది. కారిపోయాక లీవరు నొక్కితే చేతికి ఏమీ తగలదు. వెనక బ్రేకును వాడేం చేశాడో దేవుడికే తెలియాలి.

తండ్రిని చంపాననుకుని పట్టాల మీదికి పోయిన పిల్లవాడు, తండ్రి చచ్చిన చోటే చస్తే ఎవరు అనుమానిస్తారు? బాధ తట్టుకోలేక చచ్చిపోయాడంటారు. వంశీధర్‌రావు ఆ మాట తన చేత్తోనే రాసేవాడు. బాయి ఉద్యోగానికి అడ్డం ఉన్న కొడుకూ పోయేవాడు.

"సార్! జీపు తియ్యమనుండ్రి! వాని బండికి బ్రేకులు లేవు!" అని అరిచాను.

వంశీధర్‌రావు ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. డ్రైవరును కేకేస్తూనే దిగుడు దగ్గరున్న ట్రాఫిక్ వాళ్లకు ఫోన్ కలిపాడు. నేను గదిలోకి పరుగెత్తుతూ సన్నీకి ఫోన్ చేశాను. టేబుల్ మీద, వాంగ్మూలం పక్కన, పోలీసులు తీసిపెట్టుకున్న ఫోన్ మోగింది. దాని మీద బుచ్చిరాములు నవ్వుతున్న ఫోటో వెలిగి ఆరిపోయింది.

జీపు ఎక్కుతూ నేను గది కిటికీలోంచి లోపలికి చూశాను. వినోద భర్త ముందు నిలబడి ఉంది. ఏడవడం లేదు. తిట్టడం లేదు. ఇంట్లో పప్పు ఉందా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"నీ బండికి బ్రేకులు ఉన్నయా?"

గోపాల్ తల తిప్పి, సన్నీ పోయి ఎంతసేపైందో లెక్క కడుతున్నట్టు గోడ మీది గడియారం వైపు చూశాడు.